పుప్పి పట్టిన పంపు

నాగలింగాచారి మేస్త్రీని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పడు, చేతిలో స్పానరు పెడతాడు. దోర్నాలలో, శ్రీశైలం ఘాటుకు పోయే దారి పక్కన, ఆయన రేకుల షెడ్డు ఉంది. మల్లన్న దర్శనానికి పోయే బండ్లు ఎక్కేటప్పుడు దాని వంక కన్నెత్తి చూడవు. దిగేటప్పుడు మాత్రం ఆవిరి కక్కుకుంటూ వచ్చి సరిగ్గా దాని ముందే ఆగుతాయి. నలభై ఏళ్లుగా మేస్త్రీ ఆ ఆవిరిలోనే బతికాడు. బండి గురించి అడిగినా, బతుకు గురించి అడిగినా ఆయన పద్ధతి ఒకటే. "చెప్తే చెవిలో ఉంటది, ఇప్పితే చేతిలో ఉంటది" అంటాడు. ఏదో ఒకటి విప్పించందే మనిషిని ఇంటికి పంపడు.

నేను ఆ మండలంలో పశువుల డాక్టరును. టీకాల పెట్టె వెనక సీట్లో పెట్టుకొని అడవిలోని గూడేలకు తిరగడం నా పని. తిరిగినప్పుడల్లా వేడెక్కడం నా పాత డీజిలు కారు పని. ఇంజనులో నీళ్లు తిప్పే పంపును ఏడాదిలో రెండుసార్లు మార్చాం. వేసిన మూడోది కూడా కీచుమని అరవడం మొదలుపెట్టింది. "డాక్టరు గారూ, దీన్ని కూడా మీ దొడ్లో కట్టేసుకోండి, గడ్డన్నా తింటది" అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు. నాకు కోపం వచ్చేది. కానీ అవసరం మనది అయినప్పుడు ఆ కోపం ఎంతసేపు నిలుస్తుంది!

ఆ పంపులు మార్చినవాడు దస్తగిరి. పదమూడేళ్లుగా మేస్త్రీ దగ్గరే ఉన్నాడు. ముప్పై అయిదు దాటిన మనిషిని శిష్యుడు అనడం కాస్త ఎబ్బెట్టే గానీ, అతడు తన గురించి అలాగే చెప్పుకుంటాడు. పనిలో దిట్ట. లోపం ఒక్కటే, ఓర్పు తక్కువ. బిగుసుకున్న బోల్టు కనబడితే నూనె చుక్క వేసి కాసేపు ఆగుదామని ఉండదు, బలం కొద్దీ తిప్పుతాడు. అది వస్తే వచ్చినట్టు, లేకపోతే విరిగినట్టు.

అతని భార్య చౌడేశ్వరి. పెళ్లయిన ఆరేళ్లకు కడుపు పండింది, ఏడో నెలలో పోయింది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి ఆమెను తల్లి నేరుగా కంభం పక్కనున్న తమ ఊరికి తీసుకుపోయింది. ఒక నెల ఉండి వస్తుందన్నారు. ఆ నెల ఎనిమిది నెలలయింది. దస్తగిరి రోజూ ఫోను చేస్తాడు, ఒకసారి కాదు, చేతికి అంటిన గ్రీజు తుడుచుకున్నప్పుడల్లా చేస్తాడు. మొదట్లో ఆమె మాట్లాడేది. తర్వాత ఊ కొట్టేది. ఈమధ్య అత్తగారే ఎత్తి "పడుకొని ఉందయ్యా" అని పెట్టేస్తోంది. దాంతో అతడు ఒక ఏర్పాటు చేశాడు. వచ్చే ఆదివారం ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని ఆ ఊరు వెళ్లాలి, వాళ్ల వాకిట్లో నలుగురి ఎదుట కూర్చోవాలి, వస్తుందా రాదా తేల్చమని అడగాలి.

ఆ ఇద్దరిలో ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, రెండో పెద్దమనిషిని నేను. పశువుల డాక్టరును మనుషుల పంచాయితీకి ఎవరు పిలుస్తారు చెప్పండి! పిలవగానే ఉబ్బిపోయి సరేనన్నాను, కారు కూడా నాదే ఇస్తానన్నాను. తేల్చమన్న చోట రెండు జవాబులు ఉంటాయనీ, నలుగురిలో ఒకసారి "రాను" అని నోరు జారితే ఆ ఆడమనిషి ఇక రావాలనుకున్నా రాలేదనీ నాకు తట్టనే లేదు. తట్టినా చెప్పేవాణ్ణి కాదేమో. పెద్దరికం అంత తియ్యగా ఉంటుంది.

ఆదివారం ప్రయాణానికి కారు సిద్ధం కావాలి కాబట్టి శుక్రవారం పొద్దున్నే షెడ్డుకు తీసుకుపోయాను. మేస్త్రీ బల్ల మీద కూర్చొని టీ తాగుతున్నాడు. దస్తగిరి ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు.

"మేస్త్రీ, ఒక మాట అడుగుతా. స్పానరు ఇవ్వగాకు."

"అడుగు."

"మనిషిని ప్రాణం పెట్టి పిలుస్తన్నా. పొద్దున పిలుస్తన్నా, మజ్జాన్నం పిలుస్తన్నా, సందేళ పిలుస్తన్నా. పిలిచేకొద్దీ దగ్గరికి రావాల గదా. పిలిచేకొద్దీ దూరం ఎందుకయితంది?"

మేస్త్రీ టీ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. పక్కనున్న డబ్బాలోంచి స్పానరు తీసి అతని చేతిలో పెట్టాడు. "డాక్టరు గారి పంపు ఇప్పు" అన్నాడు.

దస్తగిరి ముఖం మాడిపోయింది. కానీ ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. నీళ్లు వదిలి, బెల్టు తీసి, అరగంటలో పంపు ఊడదీశాడు. మేస్త్రీ దాన్ని గుడ్డతో తుడిచి ఎండలోకి తిప్పి పట్టుకున్నాడు. పంపులో తిరిగే రెక్కల అంచులు సన్నగా గుంటలు పడి, గరుకుగా, పుప్పి పట్టిన పళ్లలా ఉన్నాయి. పెట్టి నాలుగు నెలలు కాలేదు.

"ఎవరు తిన్నారు దీన్ని?" అన్నాడు మేస్త్రీ.

"తుప్పు."

"తుప్పయితే అంతటా పట్టాల. ఇక్కడే ఎందుకు తింటది?"

"నీళ్లు, మేస్త్రీ. నీళ్ల వడి."

"నీళ్లు తినలేదురా. నీళ్లు లేని చోటు తిన్నది."

ఈ మాట నాకు వేదాంతంలా తోచింది కానీ, ఆయన చెప్పింది నిజంగా పంపు సంగతే. పంపు తిరిగే వేగానికి సరిపడా నీళ్లు వెనక నుంచి అందకపోతే నీళ్లు దూరే చోట ఒత్తిడి పడిపోతుందట. అక్కడి నీళ్లే ఆవిరి బుడగలవుతాయట. ఆ బుడగలు రెక్క దగ్గరికి వచ్చి చితికిపోయేటప్పుడు ఒక్కోటి సూదిమొనంత లోహాన్ని గిల్లుకుపోతుందట. లక్షసార్లు గిల్లితే ఇలా అవుతుంది. బుడగ ఇనుమును కొరుకుతుందంటే నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ రోజు వేలుపెట్టి తడిమి చూశాక నమ్మాను.

కొత్త పంపు బిగించారు. దస్తగిరి గబగబా నీళ్లు పోసి, పని అయిపోయినట్టు చేతులు దులుపుకున్నాడు. మేస్త్రీ అతని వంక చూసి, "ఏడాదిలో ఇన్నిసార్లు పంపు మార్చినావు. ఒక్కసారన్నా ఎందుకు పోతందని చూసినావా? స్టార్టు చెయ్యమను. నువ్వు కింది గొట్టం చూడు" అన్నాడు.

కింది గొట్టం అంటే రేడియేటరు అడుగు నుంచి పంపుకు నీళ్లు తెచ్చే రబ్బరు గొట్టం. నేను సీట్లో కూర్చొని స్టార్టు చేశాను. మామూలుగా నడిచినంతసేపు గొట్టం గుండ్రంగా, నిండుగా ఉంది. ఇంజను బాగా వేడెక్కాక మేస్త్రీ చెయ్యెత్తి సైగ చేశాడు. ఎక్స్‌లరేటరు గట్టిగా తొక్కాను. బానెట్టు కింద నుంచి దస్తగిరి "ఓరి దేవుడా" అనడం వినిపించింది. బండిని అలాగే మోగించే పని అతనికి అప్పగించి నేను దిగి చూశాను. గొట్టం నడుమ రెండు పక్కలూ లోపలికి పీక్కుపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. పంపు ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా మూసుకుంటోంది.

దస్తగిరిని కిందికి రమ్మని, నన్ను మళ్లీ సీట్లో కూర్చోబెట్టి, ఇంజను హోరులో మేస్త్రీ గొంతు పెంచి అడిగాడు. "పంపు ఏం చేస్తంది?"

"నీళ్లను పిలుస్తంది, మేస్త్రీ."

"సరిగ్గా చూడు. పిలుస్తందా, పీలుస్తందా?"

మన భాషలో ఆ రెండింటికీ తేడా ఒక్క దీర్ఘమే. నేను ఫక్కున నవ్వాను. దస్తగిరి నవ్వలేదు. మేస్త్రీ నా వైపు చెయ్యి దించి చూపగానే కాలు తీశాను. ఇంజను నెమ్మదించింది, గొట్టం కూడా మెల్లగా విచ్చుకొని మళ్లీ గుండ్రంగా అయిందని దస్తగిరి ముఖం చూసే తెలుసుకున్నాను.

"ఇందులో ఒక స్ప్రింగు ఉండాల. లోపల చుట్ట మాదిరి. ఏమయింది?" అన్నాడు మేస్త్రీ.

దస్తగిరి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మొదటిసారి గొట్టం మార్చినప్పుడు నేనే తీసేసినా. తుప్పు పట్టి ఉండింది. నీళ్లకు అడ్డమనుకున్నా. అడ్డం లేకపోతే ఇంకా బాగా వస్తయనుకున్నా."

"అది నీళ్లకు అడ్డం గాదురా. నీ లాగుడుకు అడ్డం."

తిట్లు నాకు కూడా మిగిలే ఉన్నాయి. మా వైపు ఘాటు ఎక్కే డ్రైవర్లకు ఒక ఆచారం ఉంది. ఎక్కే ముందు ఇంజనుకు ఊపిరాడాలని రేడియేటరు మూతను ఒక గంటు వదులు చేస్తారు. ఎవరో చెప్పగా నేనూ చేసేవాణ్ణి, అదొక పెద్ద కిటుకని మా కాంపౌండరుకు నేర్పాను కూడా. ఇంజను చల్లారాక మేస్త్రీ మూతను తిప్పి, పగిలిన రబ్బరు చూపించి, "మూత బిగించేది నీళ్లను బంధించేదానికి కాదు సార్, వాటికి దన్నుగా. ఒత్తుడు లేకపోతే కొంచెం వేడికే ఆవిరయిపోతయి. ఊపిరంట, ఊపిరి! ఇంజనేమన్నా మీ గేదెనా?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

కొత్త గొట్టంలో స్ప్రింగు పెట్టి బిగించారు. మూత కొత్తది తెచ్చారు. వాగు నీళ్లు కాకుండా, కూలెంటు కొలత ప్రకారం కలిపిన నీళ్లు పోయడం మొదలుపెట్టారు. ఇక్కడ దస్తగిరికి అసలు పరీక్ష వచ్చింది. ఈ పని తొందరలో కాదు. సన్నధారగా పోయాలి, ఇంజనును నిదానంగా నడవనివ్వాలి, లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వచ్చిందాకా కాచుకోవాలి. ఒక వాల్వు ఉంటుంది, అది వేడికి తనంతట తాను తెరుచుకోవాలి, అప్పుడు మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. అతడు రెండుసార్లు ఇంజనును మోగించబోయాడు. రెండుసార్లూ మేస్త్రీ అతని మణికట్టు పట్టుకున్నాడు. పిడికిలితో కాదు, రెండు వేళ్లతో.

ముగ్గురం రేడియేటరు నోటిలోకి చూస్తూ నిలబడ్డాం. ఒక బుడగ వచ్చి పగిలింది. చాలాసేపటికి ఇంకొకటి.

"ఫోన్లో ఏమంటావు చౌడేశ్వరితో?" అన్నాడు మేస్త్రీ, తల ఎత్తకుండా.

"ఎప్పుడొస్తావంటా."

"ఆమె ఏమంటది?"

"ఊరుకుంటది."

"నువ్వేం జేస్తావు?"

"మళ్లీ అడుగుతా." ఎవరూ అడగకుండానే దస్తగిరి చెప్పడం మొదలుపెట్టాడు. "ఇంట్లో ఇప్పటికీ రెండు గ్లాసుల బియ్యమే ఏస్తన్నా మేస్త్రీ. చెయ్యి ఒకటికి తిరగదు. ఆమె చీర ఒకటి తీగ మీదనే ఉంది, ఆ పొద్దు ఆసుపత్రికి పోతా ఆరేసి పోయింది. తీస్తే ఇంక రాదేమోనని తియ్యను. గాలికి అది కదిలితే గూడా ఆమె నడిచినట్టుంటది. రెండో నెల్లో ఒకసారి అన్నది, నన్ను కొన్నాళ్లు ఊరికే ఉండనీ అని. నాకు రానన్నట్టు ఇనబడింది. ఆ పొద్దునించే ఎక్కువ చేస్తన్నా ఫోన్లు."

పొద్దున నేను వచ్చినప్పుడు ఈ మనిషిలో నాకు కనబడింది మొండితనం మాత్రమే. అది మొండితనం కాదు, బెంగ. ఒక్క మనిషి కోసం పెట్టుకున్న బెంగ. అది నాకు అంతసేపూ కనబడకపోవడం నా కళ్ల తప్పు.

మేస్త్రీ ఓదార్చలేదు. "ఇంకొక బుడగుంది లోపల. ఆగు" అన్నాడు.

నిజంగానే ఉంది. అది రావడానికి పావుగంట పట్టింది. వచ్చి పగిలాక నీళ్లు జానెడు దిగాయి, దస్తగిరి చెంబు వంచి నింపాడు, ఈసారి సన్నధారగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా. ఆ పైన మూత బిగించాడు.

పంపును పరీక్షించాలంటే ఘాటు ఎక్కాల్సిందే. దస్తగిరి నడుపుతుంటే మేస్త్రీ ముందు సీట్లో, నేను టీకాల పెట్టె పక్కన వెనక కూర్చున్నాం. ఎండ బాగా ఉంది. ఎదర ఒక లారీ మూలుగుతూ పోతోంది. దాని వెనక గేరు తగ్గించి ఎక్కుతున్నా వేడి ముల్లు నడుమ నుంచి కదల్లేదు. ఆ కారు కొన్నాక అంత ఎత్తు నిశ్చింతగా ఎక్కడం అదే మొదటిసారి. నాకు పాట పాడాలనిపించింది కానీ, ముందున్న ఇద్దరి వీపులు చూసి మానుకున్నాను.

అడవిలోకి పోయాక ఫోను పనిచెయ్యదు. సగం ఎక్కాక ఒక మలుపులో మాత్రం ఎక్కడిదో టవరు అందుతుంది. డ్రైవర్లు దాన్ని ఫోను మలుపు అంటారు. దస్తగిరి అక్కడ బండి పక్కకు తీశాడు. దిగి, బానెట్టు ఎత్తి, కింది గొట్టం చూశాడు. ఆ తర్వాత పిట్టగోడ దాకా నడిచి, జేబులోంచి ఫోను తీశాడు. నేను మేస్త్రీ వైపు చూశాను, ఆపమన్నట్టు. మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడని నా భయం. మేస్త్రీ కదల్లేదు.

"అత్తా, నేనే. ఆమెకిస్తావా?" అన్నాడు దస్తగిరి. "లేదత్తా, రమ్మనేదానికి గాదు. ఆదివారం మేమెవరం రావడంలా. ఊరికే, ఒక మాట."

చాలాసేపు ఏమీ లేదు. అవతల ఫోను చేతులు మారుతోందో, ఆమె వద్దంటోందో. ఒక కోతి పిట్టగోడ మీదికెక్కి అతని వంక చూసి దిగిపోయింది. అతడు ఫోను చెవికి ఆనించుకొని అలాగే నిలబడ్డాడు. అతనిలో అంత నిలకడ నేను ఎప్పుడూ చూడలేదు.

"చౌడీ," అన్నాడు. "పాపకు ఏం పేరు పెట్టాలనుకున్నావు నువ్వు?"

నేను గబుక్కున కారు అద్దం పైకి తిప్పాను. ఆ తర్వాతి మాటలు వినే హక్కు నాకు లేదనిపించింది. అద్దంలోంచి కనబడినంతవరకే చెబుతాను. అతడు కాసేపు నిలబడి విన్నాడు. ఆ పైన పిట్టగోడకు వీపు ఆనించి నేల మీద కూర్చొని విన్నాడు. పెదవులు కదిలింది తక్కువ. ఒకసారి మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. రెండు బస్సులు ఎక్కాయి, ఒకటి దిగింది, వాటి దుమ్మంతా అతని మీద పడింది, దులుపుకోలేదు. అవతల నెలల తరబడి మూగపోయిన గొంతు మాట్లాడుతోంది. ఊరివాళ్ల కోసం నేను చాలా పెద్దరికాలు చేశాను గానీ, ఆ అరగంట ఊరికే కూర్చున్నదానికంటే మంచి పని ఏదీ చేయలేదు.

దస్తగిరి వచ్చి సీట్లో కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాళం చెవి మీద చెయ్యి పెట్టాడు గానీ తిప్పలేదు.

"పేరు చెప్పింది, మేస్త్రీ. మూడో నెల్లోనే అనుకునిందంట. నాకు తెలవనే తెలవదు." ఆ పేరు ఏమిటో మేం అడగలేదు, అతడు చెప్పలేదు. చొక్కా మీది దుమ్ము అప్పుడు దులుపుకున్నాడు. "అంతా చెప్పింది. ఆసుపత్రిలో పాపను ఆమె ఎత్తుకునింది కూడా చెప్పింది. అన్నీ చెప్పింది గానీ, వస్తానని మాత్రం అనలేదు."

మేస్త్రీ తన వైపు అద్దం దించి అడవి వంక చూశాడు.

"మాట వచ్చింది గదరా," అన్నాడు. "ముందు వచ్చేది అదే."